పరీక్షలన్నీ పాసైన తప్పు అంకె

మందులోని మలినాన్ని కొలిచే పద్ధతిని తయారు చేయడం ఒక ఎత్తు. అది నిజమే చెబుతోందని తేల్చుకోవడం మరో ఎత్తు. విశ్లేషణ రసాయనశాస్త్రంలో పీహెచ్‌డీ నేర్పాల్సింది ముఖ్యంగా ఈ రెండోదాన్నే.

2020 మార్చిలో అమెరికాలోని ఒక ప్రైవేటు ప్రయోగశాల అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు ఒక అర్జీ పెట్టింది. మార్కెట్లో దొరుకుతున్న మెట్‌ఫార్మిన్ మాత్రలను 38 నమూనాలు పరీక్షించామని, వాటిలో 16 నమూనాల్లో ఎన్‌డీఎంఏ అనే పదార్థం అనుమతించిన పరిమితిని మించి ఉందని దాని సారాంశం. ఎన్‌డీఎంఏ నైట్రోసమైన్ల కుటుంబానికి చెందినది. మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల జాబితాలో ఉంది. ఇక మెట్‌ఫార్మిన్ గురించి చెప్పనక్కర్లేదు. మన ఇళ్లలో 'షుగర్ మాత్ర' అంటే చాలాసార్లు అదే. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్క ప్రకారం మన దేశంలో మధుమేహంతో బతుకుతున్నవారు సుమారు 10.1 కోట్ల మంది. వారిలో ఎంతోమందికి డాక్టరు మొదట రాసే మందు ఇది.

ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తలు ఆ 38 నమూనాలనూ తమ పద్ధతిలో పరీక్షించారు. పరిమితిని మించినవి 8 మాత్రమే అని తేలింది. మాత్రలు అవే. వాడిన యంత్రాలూ ఒకే జాతివి. ద్రవంలో కలిపిన పదార్థాలను ముందు విడదీసి, తర్వాత ఒక్కో అణువు ద్రవ్యరాశిని చాలా సూక్ష్మంగా కొలిచే యంత్రాలు. మరి 16 ఎక్కడ, 8 ఎక్కడ?

జవాబు వెతికిన శాస్త్రవేత్తలు దాన్ని ఒక హెచ్చరిక కథగా పరిశోధన పత్రంలో ప్రచురించారు. విశ్లేషణ రసాయనశాస్త్రంలో పరిశోధన చేసే ప్రతి విద్యార్థీ చదవాల్సిన కథ అది. ఎందుకంటే అక్కడ యంత్రం చెడిపోలేదు. ఎవరూ లెక్క తప్పు వేయలేదు. యంత్రం ఒక అణువును చూసి మరో అణువు అనుకుంది.

వేషం మార్చిన ద్రావణి

ఆ రెండో అణువు పేరు డీఎంఎఫ్. రసాయన పరిశ్రమలో విరివిగా వాడే ద్రావణి. మందు తయారీలో ఎక్కడో ఒక దశలో వాడితే, కడిగి ఆరబెట్టాక కూడా కాస్త మిగిలిపోవచ్చు. ఆ మిగులుకు వేరే పరిమితి ఉంది. అది ఎన్‌డీఎంఏ పరిమితి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి మాత్రలో డీఎంఎఫ్ కాస్త ఉండటం నేరమేమీ కాదు.

మాస్ స్పెక్ట్రోమీటర్‌లో అణువుకు ఒక ప్రోటాన్ అంటుకుని, విద్యుదావేశం వస్తుంది. అలా ఆవేశం పొందిన ఎన్‌డీఎంఏ బరువు 75.0553 యూనిట్లు. డీఎంఎఫ్ బరువు 74.0600. రెంటి మధ్య దాదాపు ఒక యూనిట్ తేడా ఉంది కాబట్టి పొరబడే ప్రసక్తే లేదనిపిస్తుంది. అయితే ప్రకృతిలోని నత్రజని పరమాణువులన్నీ ఒకే బరువు ఉండవు. వెయ్యింటిలో సుమారు నాలుగు పరమాణువులు ఒక యూనిట్ ఎక్కువ బరువుంటాయి. నత్రజని-15 అంటారు వాటిని. అలాంటి పరమాణువు ఉన్న డీఎంఎఫ్ బరువు 75.0571. ఎన్‌డీఎంఏతో తేడా 0.0018 యూనిట్లు మాత్రమే.

ఇది ఎంత చిన్న తేడానో ఒక పోలికతో చూద్దాం. 75 కిలోల మనిషి తూకం మీద నిలబడ్డాడు. ఆయన చొక్కా జేబులో రెండు గ్రాముల లోపు బరువున్న కాగితం ముక్క ఉందో లేదో ఆ తూకం చెప్పాలి. యంత్రానికి ఆ శక్తి ఉండవచ్చు. కానీ ఎంత తేడా వరకు 'ఒకటే' అని లెక్కవేయాలో నిర్ణయించేది దాన్ని నడిపే మనిషి. ఆ కిటికీని కాస్త వెడల్పుగా తెరిచి ఉంచితే రెండు అణువులూ ఒకే కిటికీలోంచి దూరతాయి. పైగా రెండూ విడదీసే గొట్టంలోంచి ఒకే సమయానికి బయటకు వస్తే, వాటిని వేరుచేసే దారి ఇక మిగలదు. మెట్‌ఫార్మిన్ నమూనాల్లో జరిగింది ఇదే.

వెయ్యింటిలో నాలుగు వంతులు ఏమంత లెక్క అనిపించవచ్చు. కానీ మనం వెతుకుతున్నది ఎంత? ఎన్‌డీఎంఏకు అనుమతించిన పరిమితి రోజుకు 96 నానోగ్రాములు. రోజుకు రెండు గ్రాముల మెట్‌ఫార్మిన్ వేసుకునే మనిషి విషయంలో అది రెండు కోట్ల వంతుల్లో ఒక వంతు. అంత చిన్న వేటలో, పక్కవాడి నీడ కూడా దొంగలాగే కనిపిస్తుంది.

ఒక పద్ధతి పుట్టుక

ఇప్పుడు హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఇలాంటి పద్ధతి మీదే పని చేస్తున్న ఒక పరిశోధక విద్యార్థినిని ఊహించుకుందాం. మన యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఆమె పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠంగా ఆరేళ్లు. మొదట్లో కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్ చేయాలి. ఆ తర్వాత ఎక్కువ కాలం గడిచేది హెచ్‌పీఎల్‌సీ ముందే.

హెచ్‌పీఎల్‌సీ సూత్రం సులువే. సన్నని పొడి దట్టించిన ఒక ఉక్కు గొట్టం ఉంటుంది. దాన్ని కాలమ్ అంటారు. అందులోంచి ఒక ద్రావణి మిశ్రమాన్ని అధిక పీడనంతో పంపుతారు. నమూనాలోని పదార్థాల్లో పొడిని ఎక్కువగా అంటిపెట్టుకునేవి ఆలస్యంగా, తక్కువగా అంటుకునేవి త్వరగా బయటకు వస్తాయి. బయటకు వచ్చిన ప్రతి పదార్థానికీ కంప్యూటర్ తెర మీద ఒక శిఖరం కనిపిస్తుంది. ల్యాబ్ భాషలో పీక్. పీక్ కింది వైశాల్యాన్ని బట్టి ఆ పదార్థం ఎంత ఉందో లెక్కిస్తారు.

సూత్రం సులువే కానీ, ఏ కాలమ్ వాడాలి, ద్రావణిలో నీరెంత, ఎసిటోనైట్రైల్ ఎంత, పీహెచ్ ఎంత, ఉష్ణోగ్రత ఎంత అనేవి తేలడానికి నెలలు పడుతుంది. పీహెచ్ పదోవంతు మారితే పక్కపక్కన ఉన్న రెండు పీకులు కలిసిపోతాయి. బఫర్ ద్రావణాన్ని రెండు రోజులు నిల్వ ఉంచితే అందులో సూక్ష్మజీవులు పెరిగి కాలమ్‌ను మూసేస్తాయి. నిన్న అందంగా వచ్చిన పీక్ ఇవాళ తోక సాగదీసుకుని కనబడుతుంది. ఇదంతా మెథడ్ డెవలప్‌మెంట్.

పద్ధతి కుదిరాక వాలిడేషన్ మొదలవుతుంది. అంటే, ఈ పద్ధతి తను చేస్తానన్న పనికి తగినదేనని ఆధారాలతో చూపడం. ఇందుకు ప్రపంచమంతా చూసే పుస్తకం ఐసీహెచ్ మార్గదర్శకం. అమెరికా, యూరప్, జపాన్ నియంత్రణ సంస్థలు, ఔషధ పరిశ్రమ కలిసి 1990లో మొదలుపెట్టిన వేదిక ఐసీహెచ్. అది 2005లో ఇచ్చిన క్యూ2(ఆర్1) పత్రం మన ఫార్మసీ, కెమిస్ట్రీ విద్యార్థులకు దాదాపు కంఠతా వస్తుంది. కనీసం ఐదు గాఢతల వద్ద కొలిచి, గాఢతకు తగ్గట్టు సంకేతం సరళరేఖలో పెరుగుతోందా చూడాలి. మూడు స్థాయుల్లో మొత్తం తొమ్మిది కొలతలతో యథార్థత, అంటే నిజమైన విలువకు ఎంత దగ్గరగా వస్తున్నామో తేల్చాలి. ఒకే నమూనాను కనీసం ఆరుసార్లు కొలిచి ఖచ్చితత్వం, అంటే జవాబులు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడాలి. ఎంత తక్కువ మోతాదు వరకు కనిపెట్టగలదు, పరిస్థితులు కాస్త మారినా తట్టుకుంటుందా అనేవీ ఉన్నాయి. వీటన్నింటితో పాటు విశిష్టత అనే మాట ఉంది. మనం కొలుస్తున్నది మనం అనుకుంటున్న పదార్థాన్నేనా, దానిలాంటి మరొకటి కూడా అందులో కలిసిపోతోందా అనే ప్రశ్న అది.

జాబితాలో ఇదీ ఒక అంశంలాగే కనబడుతుంది. నిజానికి మిగతావన్నీ దీని మీద నిలబడ్డవే.

అన్నీ సరిగ్గా ఉన్నట్టే

ఎందుకో చూడటానికి ఒక చిన్న లెక్క చేద్దాం. అంకెలు నేను ఊహించినవి. ఒక రోజు మోతాదు మాత్రలో నిజంగా ఉన్న ఎన్‌డీఎంఏ 40 నానోగ్రాములు. పరిమితి 96 కాబట్టి ఇది మంచి మాత్రే. అయితే దానితోపాటు డీఎంఎఫ్ మరో 80 నానోగ్రాములకు సమానమైన దొంగ సంకేతం ఇస్తోంది. యంత్రం 120 అని చూపుతుంది. మాత్ర ఫెయిల్.

మన విద్యార్థిని ఈ పద్ధతికి పరీక్షలు పెడుతోంది. మొదట సరళరేఖ. స్వచ్ఛమైన ఎన్‌డీఎంఏను ద్రావణిలో కలిపి ఐదు గాఢతల్లో కొలిచింది. అందులో డీఎంఎఫ్ లేదు కాబట్టి గీత చక్కగా వచ్చింది. పాస్. తర్వాత ఖచ్చితత్వం. మాత్రను ఆరుసార్లు కొలిస్తే ఆరుసార్లూ 119, 120, 121 అలా వచ్చింది. పాస్. తర్వాత యథార్థత. మాత్ర ద్రావణంలో తెలిసిన మోతాదు, 50 నానోగ్రాములు, అదనంగా కలిపి ఎంత తిరిగి వస్తుందో చూసింది. 120 కాస్తా 170 అయింది. తేడా 50. కలిపినదంతా తిరిగొచ్చింది. నూటికి నూరు. పాస్.

మూడు పరీక్షలూ పాసయ్యాయి. జవాబు మాత్రం మూడు రెట్లు తప్పు.

పాత కాలపు కిరాణా కొట్టులో తక్కెడ ఎలా చూసేవారో గుర్తుందా? బేరం మొదలుపెట్టే ముందు ఖాళీ పళ్లేలు సమంగా నిలుస్తున్నాయో లేదో చూసేవారు. ఒక పళ్లెం కిందికి వాలుతుంటే పాసంగం ఉందనేవారు. పాసంగం ఉన్న తక్కెడ కూడా ప్రతిసారీ ఒకే జవాబు చెబుతుంది. కిలో అదనంగా వేస్తే సరిగ్గా కిలో పెరిగినట్టే చూపుతుంది. దాని లోపం బయటపడేది ఖాళీగా ఉన్నప్పుడే. ఫిజిక్స్ చదివిన నాలాంటివాళ్లు దీన్ని స్క్రూ గేజ్ జీరో ఎర్రర్‌గా ఇంటర్‌లోనే నేర్చుకుంటాం. ఎమ్మెస్సీ ల్యాబ్‌కు వచ్చేసరికి గ్రాఫ్ మీద బిందువులు గీత మీద పడితే చాలు, రికార్డు మీద సంతకం అయిపోతుందని సంబరపడేవాళ్లం. గీత ఎక్కడి నుంచి మొదలైందో చూసినవాళ్లు తక్కువ.

రసాయన విశ్లేషణలో చిక్కు ఇంకా పెద్దది. తక్కెడ పాసంగం ఒకసారి చూసి సరిచేస్తే చాలు. మాత్రలో మిగిలే డీఎంఎఫ్ బ్యాచ్ బ్యాచ్‌కూ మారుతుంది. 'ఖాళీ పళ్లెం' లాంటి మాత్ర, అంటే ఎన్‌డీఎంఏ మాత్రమే లేకుండా మిగతాదంతా అచ్చంగా ఉన్న మాత్ర, చేతికి దొరకడం కష్టం. అందుకే అది ఫారం నింపి తేల్చే ప్రశ్న కాదు. ఆలోచించి తేల్చాలి.

విద్యార్థిని తన గైడ్ గదికి వెళ్లిందనుకుందాం.

"మేడమ్, వాలిడేషన్ అయిపోయింది. ఆర్-స్క్వేర్ 0.9998. రికవరీ 100 శాతం."

"బావుందమ్మా. మరి ఆ పీక్ ఎన్‌డీఎంఏదే అని నీకెలా తెలుసు?"

"స్టాండర్డ్ వచ్చిన టైముకే వచ్చింది కదా మేడమ్."

"ఆ టైముకు ఇంకేమైనా రావచ్చా? ఈ మందు తయారీలో ఏయే ద్రావణులు వాడారో కనుక్కున్నావా?"

పీహెచ్‌డీ మొదలయ్యేది ఈ ప్రశ్న దగ్గరే. దీనికి జవాబు చెప్పాలంటే ఆమె యంత్రం వదిలి, ఆ మందు తయారీ క్రమం చదవాలి. డీఎంఎఫ్‌ను కావాలని కలిపి చూడాలి. రెండూ వేర్వేరు సమయాల్లో బయటకు వచ్చేలా కాలమ్ మార్చాలి. ద్రవ్యరాశి కిటికీని ఎంత సన్నం చేయాలో లెక్కవేయాలి. చివరికి పూర్తిగా వేరే సూత్రం మీద నడిచే మరో పద్ధతితో జవాబును సరిచూసుకోవాలి.

కొలతే పుట్టించిన మలినం

నైట్రోసమైన్ల కథ ఇక్కడ మొదలు కాలేదు. 2018 జులైలో వాల్సార్టాన్ అనే రక్తపోటు మందులో ఎన్‌డీఎంఏ బయటపడి, అనేక దేశాల్లో ఆ మాత్రలను వెనక్కి రప్పించారు. తయారీ విధానంలో చేసిన ఒక మార్పు దానికి కారణం. ఆ కొత్త విధానంలో ద్రావణిగా వాడినది డీఎంఎఫ్. అది కొంత విడిపోయి డైమిథైల్ అమైన్‌గా మారి, సోడియం నైట్రైట్ నుంచి వచ్చిన నైట్రస్ ఆమ్లంతో కలిసి ఎన్‌డీఎంఏ అయింది. తర్వాతి నెలల్లో భారత్‌లో తయారైన కొన్ని సార్టాన్ మందుల్లోనూ నైట్రోసమైన్లు కనిపించాయి. అంతకుముందు ఏళ్ల తరబడి ఆ మందులకు శుద్ధత పరీక్షలు జరుగుతూనే ఉన్నాయి, పాసవుతూనే ఉన్నాయి. కానీ అవేవీ ఎన్‌డీఎంఏ కోసం వెతకలేదు. వాల్సార్టాన్‌లో డీఎంఎఫ్ ఎన్‌డీఎంఏకు జన్మనిచ్చింది, రెండేళ్ల తర్వాత మెట్‌ఫార్మిన్‌లో అదే డీఎంఎఫ్ ఎన్‌డీఎంఏ వేషం వేసింది.

ఈ రెంటి మధ్య 2019లో రానిటిడిన్ వంతు వచ్చింది. ఎసిడిటీకి మన ఇళ్లలోనూ దశాబ్దాలుగా వాడిన మందు. అందులో ఎన్‌డీఎంఏ విపరీతంగా ఉందని ఒక ప్రయోగశాల చెప్పింది. ఆ పరీక్షలో నమూనాను 130 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేశారు. రానిటిడిన్ అణువులోనే డైమిథైల్ అమైన్ భాగం, నైట్రో భాగం రెండూ ఉన్నాయి. వేడికి ఆ అణువు విరిగి ఎన్‌డీఎంఏ పుట్టింది. అంటే కొలిచే పద్ధతే మలినాన్ని తయారు చేసింది. ఎఫ్‌డీఏ వేడి చేయని పద్ధతిని రూపొందించి కొలిస్తే మోతాదులు చాలా తక్కువగా వచ్చాయి.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. తక్కువే అయినా కొన్ని నమూనాల్లో పరిమితి దాటింది. నిల్వ ఉంచే కొద్దీ, వేడి తగిలే కొద్దీ మాత్రలోనే ఎన్‌డీఎంఏ పెరుగుతోందని తర్వాతి పరీక్షల్లో తేలింది. 2020 ఏప్రిల్‌లో రానిటిడిన్ మందులన్నింటినీ మార్కెట్ నుంచి తీసేయాలని ఎఫ్‌డీఏ కోరింది. మొదటి ప్రయోగశాల చెప్పిన అంకె తప్పు. లేవనెత్తిన అనుమానం మాత్రం నిజం. తప్పు అంకెను కొట్టిపారేసి అంతటితో ఊరుకుని ఉంటే ఆ నిజం బయటకు వచ్చేది కాదు.

థీసిస్‌లు ఎక్కువ, ప్రశ్నలు తక్కువ

మన దేశంలో ఈ రంగానికి విద్యార్థుల కొరత లేదు. హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ దగ్గరి పరవాడలో ఉన్న మందుల పరిశ్రమకు నాణ్యత పరీక్షల మనుషులు నిత్యం కావాలి. హైదరాబాద్‌లోని ఐఐసీటీ, నైపర్ నుంచి రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల దాకా ఎన్నో చోట్ల విశ్లేషణ పద్ధతుల మీద పరిశోధన సాగుతోంది.

కానీ ఈ రంగంలోని థీసిస్‌లు, పత్రాల శీర్షికలు వరుసగా చదివితే ఒక మూస కనబడుతుంది. ఫలానా మందుకు, ఫలానా రెండు మందుల మిశ్రమానికి, హెచ్‌పీఎల్‌సీ పద్ధతి, రూపకల్పన, వాలిడేషన్. లోపల అవే పట్టికలు. ఆర్-స్క్వేర్ 0.999 పైన, రికవరీ 98 నుంచి 102 మధ్య. మాత్ర మారుతుంది, ప్రశ్న మారదు. అప్పటికే పది పద్ధతులున్న మందుకు పదకొండోది ఎందుకు కావాలో చాలా పత్రాల్లో కనబడదు. విఫలమైన ప్రయత్నాలు అసలే కనబడవు.

దీనికి విద్యార్థులను నిందించి లాభం లేదు. హెచ్‌పీఎల్‌సీ ఒక్కటే ఉన్న కాలేజీలో, దాన్ని పదిమంది పంచుకునే చోట, మాస్ స్పెక్ట్రోమీటర్ మీద గంటకు ఇంత అని డబ్బు కట్టి పని చేయించుకోవాల్సిన పరిస్థితిలో, వరుసగా పాసయ్యే పట్టికే సురక్షితమైన దారి. పైగా పత్రికలూ, పరీక్షకులూ అడిగేది ఆ పట్టికనే.

ఈ ధోరణి మారాలన్న సూచన మార్గదర్శకాల్లోనే వచ్చింది. 2023 నవంబరులో ఐసీహెచ్ తన పత్రాన్ని క్యూ2(ఆర్2)గా సవరించి, దానితోపాటు పద్ధతుల రూపకల్పన మీద క్యూ14 అనే కొత్త పత్రాన్ని ఆమోదించింది. పద్ధతి తయారు చేయడానికి ముందే అది ఏం కొలవాలి, ఎంత తేడాను సహించవచ్చు, ఆ అంకెతో ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారు అనేవి రాసుకోమంటుంది క్యూ14. ఎక్కడెక్కడ తప్పు జరగవచ్చో ముందే ఊహించి, ఆ కారణాలను పద్ధతి ప్రకారం పరీక్షించమంటుంది. అంటే మేడమ్ చివర్లో అడిగిన ప్రశ్నను మొదటి రోజే అడగమంటుంది.

ఇందుకు ప్రతి కాలేజీలోనూ కోట్ల రూపాయల యంత్రాలు ఉండనక్కర్లేదు. గైడ్ ఒక నమూనాలో తెలిసిన మోతాదు కలిపి, ఎంతో చెప్పకుండా విద్యార్థి చేతికి ఇవ్వవచ్చు. కొన్ని నమూనాల్లో అసలేమీ కలపకుండా కూడా ఇవ్వవచ్చు. పక్క ఊరి విశ్వవిద్యాలయంలోని విద్యార్థితో నమూనాలు మార్చుకుని, ఇద్దరి జవాబులూ పోల్చుకోవచ్చు. ఎఫ్‌డీఏలో పనిచేసిన విలియం హార్విట్జ్ 1980లో ఇలాంటి పోలికలనే పోగేసి ఒక ఆసక్తికరమైన సంగతి చూపించారు. కొలిచే మోతాదు వంద రెట్లు తగ్గిన ప్రతిసారీ ప్రయోగశాలల మధ్య తేడా దాదాపు రెట్టింపు అవుతుంది. పదిలక్షల్లో ఒక వంతు దగ్గర ఆ తేడా సుమారు 16 శాతం. మన విద్యార్థిని వెతుకుతున్న మోతాదు అంతకంటే ఇరవై రెట్లు చిన్నది. ఇది తెలిసిన విద్యార్థి తన ఒక్క ల్యాబ్‌లో ఆరుసార్లు ఒకే అంకె వచ్చిందని నిశ్చింతగా ఉండలేడు.

మూల్యాంకనంలోనూ ఒక చిన్న మార్పు చేయవచ్చు. ప్రతి థీసిస్‌లోనూ 'ఈ పద్ధతి ఎప్పుడు తప్పు చెబుతుంది?' అనే అధ్యాయం ఒకటి తప్పనిసరి చేస్తే, ఆ అధ్యాయం రాయడానికే విద్యార్థి మళ్లీ ల్యాబ్‌కు వెళ్లాల్సి వస్తుంది.

మాత్ర మింగే మనిషి

మెట్‌ఫార్మిన్ విషయంలో డాక్టరును అడగకుండా మందు మానొద్దని ఎఫ్‌డీఏ రోగులకు పదేపదే చెప్పాల్సి వచ్చింది. ఆ జాగ్రత్త ఎందుకో మనకు తెలుసు. తప్పుగా ఎక్కువ చూపిన అంకె వార్తల్లోకి వస్తే, భయపడి మాత్ర మానేసే మనిషి ఒకరుంటారు. ఆయన షుగర్ పెరుగుతుంది. తప్పుగా తక్కువ చూపిన అంకె వార్తల్లోకే రాదు. ఆ మాత్రను ఏళ్ల తరబడి రోజూ మింగే మనిషి మరొకరుంటారు. పద్ధతి ఏ వైపు తప్పినా మూల్యం చెల్లించేది ల్యాబ్‌లో లేని మనిషే.

మన విద్యార్థిని సంగతికి వస్తే, కాలమ్ మార్చి, ద్రావణి నిష్పత్తి మార్చి, ఆరు నెలల తర్వాత ఒక సాయంత్రం తెర మీద ఒక్కటిగా ఉన్న పీక్ రెండుగా విడిపోవడం చూసింది. ముందు డీఎంఎఫ్, కాస్త ఆగి ఎన్‌డీఎంఏ. అంతకుముందు 120 చూపిన మాత్ర ఇప్పుడు 40 చూపించింది. థీసిస్‌లో ఆ ఆరు నెలలకు దక్కేది బహుశా రెండు పేజీలు. పరీక్షకులు ఆ రెండు పేజీల దగ్గర ఆగి ప్రశ్నలు అడిగితే, ఆమె పీహెచ్‌డీ శిక్షణ సరిగ్గానే సాగిందనుకోవచ్చు.